పక్క తడిపిందని తిట్టాను

మాది గాజువాక. పాపకి ఏడేళ్లు, మూడేళ్లకే పక్క తడపడం మానేసిన పిల్ల పోయిన ఏప్రిల్లో మళ్లీ మొదలెట్టింది. రాత్రి నాలుగుసార్లు లేచి గటగటా నీళ్లు తాగేసేది, వైజాగ్ ఉక్కపోత కదా అనుకున్నాం. "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదా" అని తిట్టాను కూడా. స్కూల్ స్కర్ట్ జారిపోతుంటే పిన్నీసు పెట్టాను. పాప వెళ్లొచ్చాక బాత్రూంలో చీమలు పడుతున్నాయని అత్తయ్య అంది, ఆవిడకి షుగరుంది, పిల్లలకి షుగరేంటని నేనే కొట్టిపారేశాను.

వాంతులు, కడుపునొప్పి మొదలైతే దగ్గర్లో క్లినిక్కి తీసుకెళ్లాం, గ్యాస్ అని సిరప్ రాసిచ్చారు. వేలిమీద ఒక్క చుక్క రక్తం చూసుంటే ఆరోజే తెలిసిపోయేది, ఆ కోపం నాకింకా పోలేదు. తెల్లారేసరికి పిల్ల ఎగరొప్పుతోంది, నోట్లోంచి మగ్గిపోయిన పండు వాసన. అత్తయ్య తన షుగర్ మిషన్ తెచ్చి వేలు గుచ్చింది, నంబర్ రాలేదు, 'హై' అని వచ్చింది. 600 దాటితే ఆ మిషన్ అంతే చూపిస్తుందట.

పిల్లల ఐసీయూలో వేశారు. టైప్ 1 డయాబెటిస్, డీకేఏ అన్నారు, అంటే ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటుంటే రక్తం యాసిడ్ అయిపోవడం. సెలైన్ ఇంత మెల్లిగా ఎందుకండీ అని మా ఆయన గోల పెడితే, పిల్లల్లో మెదడు వాచే ప్రమాదం ఉంటుంది, లెక్క ప్రకారమే ఎక్కించాలి అన్నారు డాక్టర్ గారు. ముందు సెలైన్, ఓ గంటాగి ఇన్సులిన్, పొటాషియం, గంటగంటకీ షుగర్ టెస్ట్. స్వీట్లు తిని వచ్చింది కాదమ్మా, ఒంట్లో రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని దెబ్బతీసింది అని ఆయన చెప్పాకే నాకు ఏడుపొచ్చింది. రెండోరోజు తెలివొచ్చాక పాప మొదట అడిగింది సూదుల గురించి కాదు, "అమ్మా, ఈ పక్క కూడా తడిపేశానా?" అని.

ఇప్పుడు రోజుకి నాలుగు ఇంజక్షన్లు, తిండికి ముందు మూడు, రాత్రికి ఒకటి. ఇన్సులిన్ ఫ్రిజ్ డోర్లో పెడతాం, గడ్డకడితే పనికిరాదు కాబట్టి పైన ఫ్రీజర్లో పెట్టం. చేతులు వణికి చెమటలు పడితే వెంటనే షుగర్ చూస్తాం, 70 కంటే తక్కువుంటే గ్లూకోజ్ నీళ్లు పట్టించి 15 నిమిషాలకి మళ్లీ గుచ్చుతాం. రెండు నెలలకి డోసు బాగా తగ్గిపోయింది, జబ్బు తగ్గిపోయినట్టే, ఇన్సులిన్ ఆపేయండి అన్నారు చుట్టాలు. దాన్ని హనీమూన్ అంటారు, కొన్నాళ్లే ఉంటుంది, మానేస్తే మళ్లీ ఐసీయూకే అన్నారు డాక్టర్ గారు, ఆపలేదు.

నిన్న పొద్దున్న టిఫిన్ దగ్గర "మూడిడ్లీలమ్మా, చట్నీతో" అని ముందే చెప్పి, ఇన్సులిన్ పెన్ను తనే తిప్పి డోసు నంబర్ నాకు చూపించింది. సరిగ్గానే పెట్టింది.