స్టోబీ నుంచి బిటోలా దాకా: ఒక్క రోజు ప్రయాణంలో నా అనుభవం

ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యె నుంచి పొద్దున్నే బయలుదేరి, స్టోబీ, హెరాక్లియా అనే రెండు ప్రాచీన నగరాల శిథిలాలనూ, ఆటోమన్ (టర్కీ సామ్రాజ్య) కాలపు బిటోలా పట్టణాన్నీ చూసి, రాత్రికి తిరిగి వచ్చేలా గైడుతో కూడిన ప్రయాణాలు అక్కడ దొరుకుతాయి. వియన్నాలో ఉంటున్న మా అన్నయ్య, వదినలతో కలిసి వేసవి చివర్లో అలాంటి ప్రయాణం ఒకటి చేశాను. రానూపోనూ దాదాపు 350 కిలోమీటర్లు కాబట్టి రోజంతా ప్రయాణమే సరిపోతుందేమోనని వదిన సందేహించారు గానీ, సొంత వాహనం లేనివారు ఈ మూడింటినీ ఒకే రోజులో చూడాలంటే వేరే దారి లేదు. పైగా అక్కడ మిగిలినవి చాలావరకు మోకాలెత్తు గోడలు. ఏ గోడ ఎవరిదో, దేని మీద దేన్ని కట్టారో చెప్పేవారు పక్కన లేకపోతే రాళ్లగుట్టల మధ్య తిరిగి వచ్చినట్టే ఉంటుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఉపయోగపడే సంగతి ఒకటి ముందే చెబుతాను. ఆ దేశానికి వెళ్లడానికి మనకు వీసా కావాలి. అయితే యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా, అదీ చెల్లుబాటులో ఉన్న మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉంటే దానితోనే 15 రోజుల వరకు ఉండనిస్తారు. నేను వెళ్లింది ఆ పద్ధతిలోనే. ఉత్తర మాసిడోనియా షెంగెన్ పరిధిలోకి రాదు కాబట్టి అక్కడ అడుగుపెడితే షెంగెన్ దాటినట్టే లెక్క. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవారు మళ్లీ వియన్నాకో ఏథెన్సుకో తిరిగి రాలేరు. నిబంధనలు మారుతుంటాయి గనుక టికెట్లు కొనే ముందు ఆ దేశ విదేశాంగ శాఖ సమాచారాన్ని ఒకసారి చూసుకోవడం మంచిది. ఇక డబ్బు విషయానికొస్తే, అక్కడ చెల్లేది దెనార్. ఒక యూరోకు 61 దెనార్ల పైచిలుకు వస్తాయి. ప్రవేశ రుసుములు ప్రయాణపు ధరలో కలవకపోవడం మామూలే కాబట్టి చేతిలో కొంత నగదు ఉంచుకోవాలి.

మా గైడు బిటోలాకు చెందిన ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయురాలు. వ్యాను వర్దార్ నది వెంబడి దక్షిణానికి సాగుతుండగా ఆవిడ తన పర్సులోంచి పది దెనార్ల నోటు తీసి మాకిచ్చి, దాని మీద ఉన్న బొమ్మ ఏమిటో చెప్పమన్నారు. నెమలి! మన జాతీయ పక్షి ఇక్కడి నోటు మీదికి ఎలా వచ్చిందని అన్నయ్య ఆశ్చర్యపోతుంటే, మరో గంటలో దాని అసలు రూపం చూస్తారని ఆవిడ నవ్వారు. తొలినాటి క్రైస్తవులకు నెమలి అమరత్వానికి గుర్తు. స్టోబీలో బాప్తిస్మం ఇచ్చే మందిరపు నేల మీద రంగురాళ్లతో పరిచిన నెమలే ఆ నోటు మీద అచ్చయింది.

వర్దార్, త్స్ర్నా నదులు కలిసే చోట స్టోబీ ఉంది. ఉత్తరాన్నుంచి గ్రీసు వైపు సాగే దారి మీద కూడలి కావడం వల్ల వర్తకంతో ఎదిగింది. క్రీస్తు శకం 69 నాటికి రోమన్ల కింద పురపాలక హోదా పొంది సొంత నాణేలు ముద్రించుకుంది. 388లో చక్రవర్తి థియోడోసియస్ ఇక్కడ బస చేశాడు. 479లో జర్మానిక్ తెగవారైన గోత్‌ల దాడిలో, ఆ తరువాత 518 భూకంపంలో దెబ్బతిని క్షీణించింది. ఈ సంవత్సరాలన్నీ ద్వారం దగ్గరి పలకల మీద ఉండేవే. గైడు వల్ల మాకు దక్కినది వేరు. బిషప్పు బసిలికా (పెద్ద చర్చి) దగ్గర ఆవిడ మమ్మల్ని నేల వైపు చూడమన్నారు. పైనున్నది ఒక చర్చి, దాని కింద నాలుగో శతాబ్దపు మరో చర్చి. ఆ పక్కన రెండో శతాబ్దంలో కట్టిన రంగస్థలం మూతపడ్డాక దాని రాళ్లే పట్టణంలోని తరువాతి కట్టడాలకు పనికొచ్చాయట. మిగిలిన ఆసనాల మీద వాటిలో కూర్చునే హక్కున్న వారి పేర్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం నెమలి కాదు, రంగస్థలమూ కాదు. ప్రత్యేకంగా చెబితే తప్ప ఎవరూ ఆగని ఒక గోడల వరుస. అది మధ్య బసిలికా. దాని అడుగున యూదుల ప్రార్థనాలయం ఉండేది. పోలిఖార్మోస్ అనే యూదు పెద్ద తన ఇంటి కింది భాగాన్ని ప్రార్థనకు, సమష్టి భోజనాలకు సొంత ఖర్చుతో ఇచ్చి, ఆ దానపత్రాన్ని ఒక స్తంభం మీద చెక్కించాడు. సమాజపు పవిత్ర నిధి నుంచి పైసా ముట్టలేదని అందులో స్పష్టంగా రాయించాడు. మేడ గదుల మీద హక్కు మాత్రం తనకూ తన వారసులకూ ఉంటుందనీ, ఈ ఏర్పాటును ఎవరైనా మార్చదలిస్తే యూదుల మతాధిపతి అయిన పేట్రియార్క్‌కు రెండు లక్షల యాభై వేల దెనారీల (రోమన్ నాణేల) జరిమానా చెల్లించాలనీ షరతు పెట్టాడు. గైడు ఇదంతా వివరిస్తుంటే వదిన నా వైపు తిరిగి, “చూశావా, ఇల్లు రాములవారికి రాసిచ్చి పై వాటా కొడుకులకు ఉంచుకున్న మన ఊరి మోతుబరిలాగే ఉన్నాడు” అన్నారు. ఆ మాట ఇంగ్లీషులో చెబితే గైడు కూడా నవ్వి, తరువాతి కాలంలో అదే చోట చర్చి లేచినప్పుడు ఆ జరిమానాను ఎవరూ కట్టి ఉండరని అన్నారు. ప్రయాణ ప్రణాళికలో స్టోబీకి గంటంబావు కేటాయించారు. నా లెక్కలో రెండు గంటలైనా ఉండాలి. అక్కడ నీడ అనేది దాదాపు లేదు. వర్దార్ లోయ ఎండ మన కోస్తా ఎండకు తీసిపోదు. టోపీ, మంచినీళ్లు తప్పనిసరి.

స్టోబీ తరువాత దారి పడమటికి తిరిగి, ప్లెత్వార్ కనుమ ఎక్కి ప్రిలెప్ దగ్గర దిగుతుంది. వ్యాను ఇక్కడ ఆగదు. కానీ నాది ప్రకాశం జిల్లాలో కొండపి పక్క ఊరు కావడం వల్ల, ఇళ్ల ముందు చట్రాలకు దండలు దండలుగా వేలాడుతున్నవి పొగాకు ఆకులని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇక్కడిది ఓరియంటల్ రకం. ఆకు అరచేయంతకు మించదు. మన వర్జీనియా ఆకును బ్యారన్‌లో కట్టెలు మండించి వేడిగాలితో క్యూరింగ్ చేస్తాం. వీరు దారానికి గుచ్చి ఎండకు ఆరబెడతారు. అందువల్ల వంటచెరకు ఖర్చు లేదు గానీ, అంత చిన్న ఆకును ఒక్కొక్కటిగా కోసి గుచ్చడానికి ఇంటిల్లిపాదీ కూర్చోవాలి. నేను ఈ వివరాలన్నీ అడుగుతుంటే మాతో వచ్చిన డచ్ దంపతులు కొంత విసుగుపడ్డారేమో కూడా. గైడు మాత్రం తన చిన్నతనమంతా ఆకు గుచ్చడంలోనే గడిచిందని ఉత్సాహంగా చెప్పారు.

బిటోలా పొలిమేరలో, ఊరికి దక్షిణంగా రెండు కిలోమీటర్ల దూరంలో హెరాక్లియా లింకెస్టిస్ ఉంది. అలెగ్జాండరు తండ్రి రెండవ ఫిలిప్పు క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం మధ్యలో స్థాపించిన నగరం ఇది. ఏడ్రియాటిక్ తీరం నుంచి తూర్పుకు సాగిన రోమన్ రహదారి వియా ఎగ్నాటియా దీని మీదుగా పోవడం వల్ల రోమన్ల కాలంలోనూ నిలిచింది. హేడ్రియన్ చక్రవర్తి కాలపు రంగస్థలం వాలు మీద ఉంది. అడుగున క్రూరమృగాలను ఉంచిన బోనులు మూడు కనిపిస్తాయి. పద్నాలుగో వరుసలోని ఆసనానికి చెందిన ఎముక టికెట్ ఒకటి 1931లో దొరికింది. రంగస్థలాన్ని పూర్తిగా తవ్వి బయటికి తీసింది ఆ తరువాత ఎన్నో ఏళ్లకు. మెట్ల మీద కూర్చున్నప్పుడు నాకు అనుపు గుర్తొచ్చింది. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగిపోకముందు అక్కడి ఇక్ష్వాకుల నాటి క్రీడాప్రాంగణాన్ని విప్పి అనుపులో తిరిగి నిర్మించారు. అది నాలుగు వైపులా మెట్లున్న దీర్ఘచతురస్రం, ఇది అర్ధవృత్తం. ఇది రెండో శతాబ్దపుదైతే అది మూడో శతాబ్దపుది. ఇంగ్లీషులో ఈ పోలిక చెప్పినప్పుడు గైడు చాలా శ్రద్ధగా రాసుకున్నారు.

పెద్ద బసిలికా ముందరి వసారా నేల మీది రంగురాళ్ల చిత్రం (మొజాయిక్) సుమారు వంద చదరపు మీటర్లు. మధ్యలో ద్రాక్షతీగలు మొలిచిన కలశం, దానికి అటూ ఇటూ లేళ్లూ నెమళ్లూ. చుట్టూ పండ్ల చెట్లు, ఎద్దుతో తలపడే సింహం, లేడిని తింటున్న చిరుత, కట్టేసిన ఎర్రకుక్క. ఈ నగరాన్ని కూడా 472లోనూ మళ్లీ 479లోనూ గోత్‌లు దోచుకున్నారు. మొజాయిక్ వేసింది ఆరో శతాబ్దంలో. అంటే రెండుసార్లు దోపిడీకి గురైన ఊరు తరువాతి శతాబ్దంలో ఇంత ఖర్చు పెట్టగలిగింది. చలికాలంలో మంచు నుంచి కాపాడడానికి వీటిని ఇసుకతో కప్పేస్తారు గనుక, వీటి కోసమే వెళ్లేవారు మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లాలి.

భోజనం బిటోలాలో. మట్టిమూకుడులో వండిన చిక్కుడు గింజల కూర తవ్చె గ్రావ్చె, ఎర్ర మిరపకాయలను కాల్చి నూరిన అయ్వార్, రొట్టె. శాకాహారులకు ఇవి చాలు. అయితే కూరలో మాంసం వేసే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి “పోస్నో” అని అడగాలి. చర్చి ఉపవాస దినాల వంట అన్నమాట. పాలూ వెన్నా కూడా ఉండవు.

బిటోలా పాత పేరు మనాస్తిర్. ఆటోమన్లు ఒక రాష్ట్రానికి దీన్ని కేంద్రంగా చేయడంతో యూరప్ దేశాల కాన్సల్ కార్యాలయాలు ఇక్కడ వెలిశాయి. షిరోక్ సొకాక్ వీధి పొడవునా ఉన్న మేడలు ఆ కాలపు సంపదకు గుర్తులు. తరువాత టర్కీ గణతంత్రాన్ని స్థాపించిన ముస్తఫా కెమాల్ 1896 నుంచి 1899 వరకు చదివిన సైనిక పాఠశాల ఇప్పుడు మ్యూజియం. సినిమా పిచ్చి ఉన్న తెలుగువారికి చెప్పదగిన మాట మరొకటి: యానాకి, మిల్టన్ మనాకి అనే సోదరులు లండన్ నుంచి తెచ్చిన బయోస్కోప్ కెమెరాతో 1905లో తమ నాయనమ్మ ఉన్ని వడుకుతుండగా తీసిన దృశ్యం బాల్కన్లలో తొలి చిత్రాలలో ఒకటి. వారి స్టూడియో ఈ ఊళ్లోనే ఉండేది.

పొద్దున్న పోలిఖార్మోస్ గురించి విన్నాం కాబట్టి ఈ ఊళ్లో యూదులున్నారా అని అడిగాను. కార్యక్రమంలో ఆ అంశం లేదు. స్పెయిన్ నుంచి 1492లో వెళ్లగొట్టబడ్డ యూదులు ఆటోమన్ నేలకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారనీ, వీరి శ్మశానం 1497 నాటిదనీ, స్టోబీ నాటి యూదులకూ వీరికీ నేరుగా సంబంధమేమీ లేదనీ ఆవిడ చెప్పారు. 1943 మార్చి 11న, అప్పట్లో ఈ ప్రాంతాన్ని ఆక్రమించి ఉన్న బల్గేరియా అధికారులు బిటోలా యూదులను ఇళ్ల నుంచి లాగి స్కోప్యెలోని మోనోపోల్ పొగాకు గోదాములో బంధించారు. అక్కడి నుంచి నాజీల ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి పంపారు. దేశం మొత్తం మీద ఏడు వేలకు పైగా మంది. పొగాకు గోదాము అన్న మాట వినగానే అన్నయ్యా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా నాన్నగారి జీవితమంతా అలాంటి గోదాముల చుట్టూనే గడిచింది.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే. అలసట ఉంటుంది గాని చెప్పుకోదగినంత ఇబ్బంది లేదు. మరునాడు స్కోప్యెలో రాతి వంతెన దగ్గర 2011లో తెరిచిన మాసిడోనియా యూదుల హోలోకాస్ట్ స్మారక కేంద్రాన్ని చూశాం. 1910లో ఈ నగరంలోనే పుట్టిన మదర్ థెరిసా స్మారక గృహం అక్కడి నుంచి నడిచివెళ్లే దూరంలోనే ఉంది. బిటోలా వెళ్లదలచినవారు స్మారక కేంద్రాన్ని ముందు రోజే చూసుకుంటే, షిరోక్ సొకాక్‌లో ఇచ్చే ఖాళీ సమయంలో కాఫీ దుకాణాలు వదిలి ఆ పాత శ్మశానానికి తీసుకువెళ్లమని గైడును అడగవచ్చు. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు గనుక ప్రయాణాన్ని మంగళవారం తరువాత పెట్టుకోవడం అనుకూలం.