నీళ్ల క్యాను

ఈ రోజు ఆఫీసులో ఎర్గోనామిక్స్ ట్రైనింగ్, అంటే ఒంటికి ఇబ్బంది లేకుండా పని చేసుకునే పద్ధతుల మీద. ఎగ్గొడదామనుకున్నాను కానీ, పోయిన నెల నడుం పట్టేసి మూడు రోజులు సెలవు పెట్టింది నేనే. మొహం చెల్లలేదు.

కుర్చీ సంగతి గబగబా అయిపోయింది. తెర పైఅంచు కళ్ల ఎత్తుకి ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి. వింటూనే అందరం నిటారుగా సర్దుకున్నాం, ఐదు నిమిషాల్లో మళ్లీ జారబడ్డాం. ట్రైనర్ గారు నవ్వేసి, ఎంత చక్కగా కూర్చున్నా కదలకుండా ఉండిపోతే కండరాలకి రక్తం సరిగా అందదు, మధ్యమధ్యలో లేస్తూ ఉండండి చాలు అన్నారు.

"ఇక్కడ బరువులెత్తేది ఎవరు?" అని అడిగారు తర్వాత. అందరి చూపూ నా మీదే. పొద్దున్నే 20 లీటర్ల నీళ్ల క్యాను డిస్పెన్సర్ మీదికి ఎక్కించేది నేనే మరి. (ఒకరి సాయం అడిగే అలవాటు లేదు, అదో జబ్బు.) చేసి చూపించమన్నారు. వంగి, చేతులు చాచి లేపి, నడుం దగ్గర మెలి తిరుగుతుంటే సగంలోనే ఆపేశారు.

బోర్డు మీద లెక్క మొదలైంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం. అన్నీ అనుకూలిస్తే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. నాది ఇరవయ్యే కదా అని లోలోపల గెలిచేశాను. 'అనుకూలిస్తే' దగ్గరే ఉంది తిరకాసు. చీలమండల నుంచి చేతులు ముందుకి 25 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే ఆ 23. 50 అయితే అందులో సగం. కింది నుంచి లేపినందుకు కొంత కోత, మెలి తిరిగినందుకు ఇంకొంత. చివరికి నాకు మిగిలింది 8 కిలోలు కూడా లేదు. పైగా రాత్రంతా పడుకుంటే వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయట, పొద్దున్నే వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువట. నేను ఎత్తేది సరిగ్గా అప్పుడే.

ఇక ఎలా ఎత్తాలో నేర్పుతారనుకున్నాను. నేర్పారు కూడా: బరువు ఒంటికి దగ్గరగా, తిరగాలంటే నడుం కాదు పాదాలు. కానీ వెళ్తూ వెళ్తూ మేనేజరుతో, "నేర్పడం తర్వాత సంగతి, ముందు ఎత్తే పనే తీసెయ్యండి" అన్నారు. రెండు గంటల్లో నాకు బాగా నచ్చిన మాట అదే, కాస్త గుచ్చుకున్నదీ అదే.

సాయంత్రానికే క్యాను అడుగున పెట్టుకునే డిస్పెన్సర్‌కి ఆర్డరు వెళ్లింది. ఇక పొద్దున్నే "అన్నా, నీళ్లయిపోయాయి!" అని నన్నెవరూ కేకెయ్యరు.