పెళ్లి కాగితం అడిగే కౌంటర్

గల్ఫ్‌కి వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు చెప్పేవాళ్లకేం కొదవ లేదు. పాస్‌పోర్టు జిరాక్సు ఇంట్లో పెట్టి వెళ్లమంటారు. మందులు తీసుకెళ్తే డాక్టర్ చీటీ ఉంచుకోమంటారు. మసాలా పొడుల్లో గసగసాలు కలవకుండా చూసుకోమంటారు. అన్నీ పనికొచ్చే మాటలే. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లకు ముఖ్యంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది, అది మాత్రం ఎవరూ ఎత్తరు. అక్కడ నీ మీద ఎవడైనా చెయ్యి వేశాడని నువ్వు చెప్పుకుంటే, కేసు నీ మీదికే తిరగొచ్చు అని.

నేను దోహాలో నర్సుని, గైనిక్ వార్డులో. పుట్టి పెరిగింది మలక్‌పేట. మా దగ్గర గర్భిణి పేరు రాయించుకోవాలంటే ముందు పెళ్లి సర్టిఫికెట్ చూపించాలి. రక్తపరీక్షా, స్కానింగూ ఆ తర్వాతే. కంపెనీల్లో పనిచేసే కుటుంబాలకు ఇదో చిన్న చిరాకు, అంతకంటే ఏం కాదు. మర్చిపోయి వచ్చినవాళ్లు ఇంటికి ఫోన్ చేసి వాట్సాప్‌లో తెప్పించుకుంటారు. ఖద్దామాలకు, అంటే ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు, మాత్రం ఆ కౌంటరే పోలీస్ స్టేషన్.

ఖతార్‌లో పెళ్లి బంధం లేకుండా కలిస్తే నేరం. శిక్షాస్మృతిలో 281వ నిబంధన కింద ఏడేళ్ల దాకా జైలు వేయొచ్చు. అలాగని అత్యాచారాన్ని అక్కడి చట్టం తేలిగ్గా తీసుకుంటుందని కాదు, దానికి శిక్ష ఇంకా కఠినం. చిక్కల్లా మధ్యలో ఉంది. బలవంతం అని రుజువు కాలేదనుకోండి, ఇక మిగిలేది ‘సంబంధం’. ఆ జరిగిన మాట నిజమేనని ఫిర్యాదులో ఆమే రాసిచ్చింది కదా!

2016లో నెదర్లాండ్స్ నుంచి దోహాకి వచ్చిన ఒక అమ్మాయికి ఇదే జరిగింది. తాగేదాంట్లో ఏదో కలిపి తనను పాడుచేశారని పోలీసులకు చెప్పుకుంది. మార్చిలో లోపల వేశారు. జూన్‌లో కోర్టు ఆమెకు ఏడాది శిక్ష వేసి, అమలు నిలిపి, మూడు వేల రియాళ్ల జరిమానా కట్టించి దేశం నుంచి పంపేసింది. 2021లో ఒక మెక్సికో ఉద్యోగిని. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఏర్పాట్ల సంస్థలోనే పనిచేసేది. తన మీద దాడి జరిగిందని ఫిర్యాదు చేస్తే, వాడు ‘మాకు ముందునుంచీ స్నేహం ఉంది’ అన్నాడు. అంతే, ఆమె ముద్దాయి అయిపోయింది. బయటపడాలంటే వాణ్ణే పెళ్లి చేసుకోవడం ఒక దారి అని చెప్పారని ఆమె తర్వాత బయటపెట్టింది. దేశం దాటి, ప్రపంచమంతా గోల అయ్యాక 2022లో కేసు మూసేశారు.

వాళ్లు చదువుకున్నవాళ్లు, వెనక వాళ్ల ప్రభుత్వాలు ఉన్నవాళ్లు. మనవాళ్ల సంగతి పేపర్లోకి కూడా రాదు.

నేను చూసినామెది హైదరాబాదే. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. నాలుగో నెలలో రక్తస్రావంతో తీసుకొచ్చారు. వెనకాల ఇంటి యజమానురాలు ఫోన్లో మాట్లాడుతూనే ఉంది. కౌంటర్లో అమ్మాయి పెళ్లి కాగితం అడిగింది. ఈమెకు అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పేసరికి మొహం విప్పారింది. “పెండ్లి కాగితమా సిస్టర్? మా ఆయనకు ఫోన్ చేస్తే పంపిస్తడు. పెండ్లయి పన్నెండేండ్లాయె” అంది. ఆ మాట నేను అరబ్బీలోకి మార్చక ముందే పక్కనున్న డాక్టరు ఆమె పాస్‌పోర్టు తిరగేస్తోంది, దేశంలోకి ఎప్పుడు దిగిందో చూడ్డానికి. భర్త బోరబండలో ఆటో నడుపుతున్నాడు. ఈమె వచ్చి ఏడాది దాటింది. ఆ కాగితం వస్తే ఎంత, రాకపోతే ఎంత! నిజానికి వస్తేనే ఇంకా ప్రమాదం.

గర్భం నిలవలేదు. సాయంత్రానికి వార్డు గుమ్మం ముందు పోలీసులు కూర్చున్నారు. ఇంటావిడ మరిది రాత్రుళ్లు గదిలోకి వచ్చేవాడని నాతో చెప్పింది. గదికి గడియ లేదట, పెట్టించమని అడిగితే తిట్టారట. “పోలీసోళ్లకు చెప్పమంటావా సిస్టర్?” అని అడిగింది. ఆ ప్రశ్నకు మన ఊళ్లో అయితే ఠక్కున అవునంటాం. అక్కడ అనడానికి నాకు నోరు రాలేదు. ముందు ఎంబసీకి ఫోన్ చేయించాను, వాళ్ల మనిషి వచ్చాకే నోరు విప్పమన్నాను. ఇప్పటికీ ఎవరడిగినా ఇదే చెప్తాను.

2020 అక్టోబర్ 2న దోహా ఎయిర్‌పోర్టులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెత్తబుట్టలో పసికందు దొరికిందని, బయల్దేరబోయే విమానాల్లోంచి ఆడవాళ్లను దింపి, అంబులెన్సుల్లోకి ఎక్కించి, బలవంతంగా పరీక్షలు చేశారు. వాళ్లలో ఆస్ట్రేలియా వాళ్లుండబట్టి లోకమంతా తిట్టింది, ఖతార్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. బిడ్డ బతికింది. ఆ కన్నతల్లి ఒక ఆసియా దేశస్థురాలని ప్రాసిక్యూటర్లు ప్రకటించి ఆమె మీద కేసు పెట్టారు. ఎయిర్‌పోర్టు బాత్రూంలో ఒంటరిగా కనాల్సిన గతి ఎందుకు పట్టిందని అడిగినవాళ్లు తక్కువ. పెళ్లి కాగితం అడిగే కౌంటర్ల ముందు పనిచేసేవాళ్లకు అది అడక్కుండానే తెలుసు.

చట్టాలు అసలు కదలట్లేదనీ కాదు. అత్యాచారం చేసినవాడు ఆమెనే పెళ్లాడితే శిక్ష తప్పించుకునే వెసులుబాటును బహ్రెయిన్ 2023లో ఎత్తేసింది. ఎమిరేట్స్‌లో పెళ్లి బంధం లేకుండా కలిశారన్న కేసు ఇప్పుడు భర్తో, సంరక్షకుడో ఫిర్యాదు చేస్తేనే నడుస్తుంది. మన ఖద్దామాలకు ఇందులో ఎంత ఒరుగుతుందో నాకైతే నమ్మకం లేదు. భర్త చేతిలో ఫిర్యాదు పెట్టడమంటే ఏమిటో, తర్వాత ఆమెను ఇంటికి రానివ్వని ఆ బోరబండ భర్తను చూస్తే తెలుస్తుంది.

ఇక మన నిబంధనలు. ఈసీఆర్, అంటే పనికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టు ఉన్న ముప్పై ఏళ్ల లోపు ఆడవాళ్లకు, నర్సులు తప్ప, గల్ఫ్ పనికి క్లియరెన్స్ ఇవ్వరు. 2016 నుంచి ఇంటిపనికి ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు, తెలంగాణలో అయితే టామ్‌కామ్. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. ఏజెంటు చేసేదేంటంటే, విజిట్ వీసా కొట్టించి, శంషాబాద్‌లో అడిగితే “చెల్లెలి దగ్గరికి పోతున్న” అనమని నేర్పి పంపుతాడు. నేను చూసినామెనూ అలాగే పంపాడు. మన ప్రభుత్వ రికార్డులో పని ఒప్పందం లేదు, యజమాని పేరు లేదు. రేపు ఏదైనా అయితే “నిన్నెవరు అట్ల పొమ్మన్నరు?” అని ఇక్కడి వాళ్లే అంటారు. కాపాడదామని రాసిన రూలు కూడా చివరికి ఆమె తప్పుగానే తేలుతుంది.

ఇదంతా అరబ్బు దేశాల జబ్బు అనుకునేవాళ్లకు మా అమ్మ ఒక పేరు గుర్తుచేస్తుంది: రమీజా బీ. 1978లో సెకండ్ షో సినిమా చూసి వస్తున్న రమీజా బీని నల్లకుంట పోలీస్ స్టేషన్లో పోలీసులు చెరిచారు. ఇదేమిటని అడిగిన భర్త అహ్మద్ హుస్సేన్, రిక్షా తొక్కేవాడు, దెబ్బలకు చచ్చిపోయాడు. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆమె అతని పెళ్లామే కాదు, వ్యభిచారి అని. అక్కడా పెళ్లి రుజువే. కమిషన్ ఆ వాదన నమ్మలేదు, పోలీసులదే తప్పంది. కేసు మాత్రం రాయచూరు కోర్టుకు మారి, 1981లో అందరూ నిర్దోషులయ్యారు. బాధితురాలి నడత మంచిది కాదని కోర్టులో రుజువు చేసే వీలు మన సాక్ష్యాల చట్టంలో 2002 సవరణ దాకా ఉండనే ఉంది. అంటే నేను పుట్టి పెరిగాక కూడా. అందుకే దోహాలో ఎవరైనా “మీ ఇండియాలో ఇలా ఉండదు కదా” అంటే వెంటనే తలూపను.

ఈసారి సెలవుల్లో వచ్చినప్పుడు మా వార్డుకొచ్చిన ఆమెను కలిశాను. కొన్ని నెలలు నిర్బంధంలో ఉంచి పంపించేశారు. బోరబండ ఇంటికి రానివ్వలేదు. అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. నేను వెళ్లేసరికి ఇడ్లీ పిండి రుబ్బే పనిలో ఉంది, గ్రైండర్ ఆపి చెయ్యి కడుక్కుని వచ్చింది. తన కష్టం చెప్పుకుని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది జీతం గురించి. ఆ ఇంట్లో ఐదు నెలల జీతం బాకీ ఉందట, వస్తుందా అని.

విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చని చెప్పి, అక్కడే ఫోన్లో నింపడం మొదలుపెట్టాను. యజమాని పేరు ఆమెకు పూర్తిగా తెలియదు, “బాబా” అని పిలిచేది. ఇంటి ముందు మసీదు, పక్కన పెట్రోల్ బంకు, అంతవరకే చెప్పగలిగింది. పాత రెసిడెన్సీ కార్డు ఫొటో ఆమె చెల్లెలి ఫోన్లో దొరికింది, దాంట్లో యజమాని పేరు ఉంది. జీతం సంగతి రాశాక, ఆ మరిది సంగతి కూడా రాయనా అని అడిగాను.

“అది రాస్తే జీతం ఆపుతరా?” అంది.

ఆపకూడదు, రెండూ వేర్వేరు అన్నాను. కాసేపు ఆలోచించి, “ముందు పైసలు రానియ్యి సిస్టర్, తర్వాత సూద్దాం” అంది. ఫిర్యాదు నంబరును గోడమీద పాల లెక్క పక్కనే రాసుకుంది.