నాన్నమ్మకి తొమ్మిది నోళ్ళు కత్తిరించాను

నాలుగు నిమిషాల నలభై సెకన్ల యానిమేషన్ సినిమా నిన్న రాత్రి పూర్తయింది. మొదలుపెట్టి పద్నాలుగు నెలలు. అందులో మూడు నెలలు ఒక్క మాట దగ్గర పోయాయి. ఆ కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి మా తోటలో కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలమీదే. పరిహారం లెక్కకి వచ్చిన ఉద్యోగి పడిన చెట్లని ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటుంటే నాన్నమ్మ వెనకాలే నడుస్తూ ఒక్కోదాన్నీ ఎవరు పుట్టినప్పుడు వేశారో చెప్పింది. సినిమా కథ అంతే.

కథ రాయడానికి ఒక్క రాత్రి పట్టింది. బొమ్మలు చార్టు ముక్కలు, పాత పెళ్ళికార్డుల అట్టలతో చేశాను. కీళ్ళ దగ్గర తోలుబొమ్మకి కట్టినట్టు దారం ముడి. "కాగితం బొమ్మలతో సినిమా ఏంట్రా?" అన్నాడు మా బావ. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ 1926లోనే కత్తిరించిన బొమ్మల నీడలతో పూర్తి నిడివి సినిమా తీసిందని చూపించాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

బొమ్మని కొంచెం కొంచెం జరుపుతూ ఫొటోలు తీసి వరసగా వేస్తే కదిలినట్టు కనిపిస్తుంది. తెరమీద సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. ఒక్కో ఫొటోని రెండు ఫ్రేములు ఆపితే 12 ఫొటోలు చాలు. అలా నాకు 3,360 అయ్యాయి. పగలు మాత్రం తీయకండి, మబ్బు పట్టి విడిచినప్పుడల్లా వెలుగు మారి బొమ్మ మినుకుమంటుంది. రాత్రి తలుపులేసుకుని, రెండు ఎల్‌ఈడీ బల్బులు పెట్టి, ఫోన్‌లో ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు) రెండూ మారకుండా లాక్ చేసి తీయండి.

ఇక గొంతు సంగతి. పెదాలు మాటకి కలవాలంటే ముందు గొంతు రికార్డు చేసి, దాన్ని బట్టి నోరు కదపాలి. నాన్నమ్మ చేత ఫోన్‌లో చెప్పించి, ఆ మాటలు విని తొమ్మిది నోళ్ళు కత్తిరించాను. పెదాలు కలిసినది ఒకటి, 'ఓ'కి గుండ్రటిది ఒకటి, 'ఆ'కి బారుగా తెరిచినది ఒకటి, ఇలా. అక్షరం మారినప్పుడల్లా పాత నోరు పట్టకారుతో తీసి కొత్తది పెట్టడం, ఫొటో తీయడం. పడిపోయిన మొదటి చెట్టు దగ్గర నాన్నమ్మ అనే మాట ఇది: "సెట్టు కాదు నాయినా, మా పెద్ద గుంట ఎలిపోనాది."

ఫోన్ రికార్డింగ్‌లో ఫ్యాన్ చప్పుడు, కోళ్ళ గోల ఉన్నాయి. మంచి ఆడియో కావాలని నాన్నమ్మని సోంపేటలో రైలెక్కించి విశాఖలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళాను. నేను చేసిన పెద్ద తప్పు అదే.

హెడ్‌ఫోన్ ఆవిడ తలకి పెద్దదైంది. రెండు చేతులతో పట్టుకుని నిలబడి మాట చెప్పింది. అద్దం ఇవతల రికార్డింగ్ చేస్తున్నతను "గుంట అంటే గొయ్యి కదండీ?" అన్నాడు. ఆడపిల్లని మేం గుంట అంటామని చెప్పాను. పక్కనున్న ఇద్దరికి ఆ ముక్క మళ్ళీ మళ్ళీ వేసి వినిపించాడు. ముగ్గురూ నవ్వారు. లోపలికి మాట్లాడే మైక్ ఆపలేదు. ఆ నవ్వంతా నాన్నమ్మ చెవుల్లోకి వెళ్ళింది.

"మామ్మగారూ, 'మా పెద్దమ్మాయి వెళ్ళిపోయింది' అనండి" అన్నాడు. పదకొండుసార్లు చెప్పించాడు. పన్నెండోసారికి ఆవిడ హెడ్‌ఫోన్ తీసి, స్టాండుకి తగిలించి, కొంగు సర్దుకుని బయటికి వచ్చేసింది. "ఈ యాస కామెడీ ట్రాక్‌కైతే సూపర్. ఏడుపు సీన్‌కి పనికిరాదు బాబూ" అని నాకు సలహా చెప్పి, రెండు గంటల డబ్బులు తీసుకున్నాడు.

తిరుగు రైల్లో పలాస దాటేదాకా నాన్నమ్మ మాట్లాడలేదు. దాటాక అడిగింది: "నా నోరు మంచిది కాదేటి నాయినా?"

ఇంత జరిగినా నేను భయపడ్డాను. ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేస్తే అక్కడ కూడా నవ్వుతారేమోనని వేరే ఆవిడ చేత 'మంచి తెలుగు'లో చెప్పించి, ఆ గొంతుకి నోళ్ళన్నీ మార్చి మళ్ళీ ఫొటోలు తీశాను. మూడు నెలలు. వేసి చూస్తే సీన్‌లో ప్రాణం లేదు. ఎందుకో తెలియక ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. 'ఎలిపోనాది'లో 'నా' దగ్గర నోరు బారుగా తెరుచుకుంటుంది, దవడ జారుతుంది. ఆవిడ ఏడుపంతా ఆ దీర్ఘంలోనే ఉంది. 'వెళ్ళిపోయింది'లో అక్కడ 'యిం' వస్తుంది, నోరు దగ్గరికి వచ్చేస్తుంది. ఏడవడానికి చోటే లేదు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1863లో పుట్టింది మా శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. ఆ రోజు దండలు వేసేవాళ్ళే మా మాటని పనివాడికీ, కమెడియన్‌కీ తప్ప ఇవ్వరు. మా వాళ్ళకి చావులు లేవా? పిల్లలు దూరమవడం లేదా? ఆ దుఃఖం ఏ భాషలో పడుతున్నామనుకుంటున్నారు?

చివరికి ఇంట్లోనే రికార్డు చేశాం. రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్యాన్, ఫ్రిజ్, పక్కింటి మోటారు అన్నీ ఒక్కసారి ఆగాయి. నాన్నమ్మని లేపి, ఇద్దరం దుప్పటి కప్పుకుని, ఫోన్ ఆవిడ గడ్డం కింద జానెడు దూరంలో పట్టుకున్నాను. ఒక్కసారే చెప్పింది. చాలింది. మొదట తీసిన ఫొటోలు చెరిపేయకపోవడం నా అదృష్టం. అక్కడక్కడా జరిపితే నోళ్ళు కలిసిపోయాయి. మీరూ ఒక్క ఫొటో కూడా చెరపకండి. స్టూడియోకి వెళ్ళక తప్పకపోతే, ముసలివాళ్ళ మాట ఉన్నదున్నట్టు తీస్తారా అని గుమ్మంలోనే అడగండి. "కొంచెం క్లీన్ చేద్దాం" అన్నారంటే అటునుంచే వెనక్కి తిరగండి.

ఈ పొద్దున నాన్నమ్మకి ల్యాప్‌టాప్‌లో చూపించాను. తన గొంతు గురించి ఏమీ అనలేదు. చెట్టు పడే చోట వేలు పెట్టి ఆపమంది.

"ఇంటివేపు కాదు నాయినా, నూతివేపు పడిపోనాది."

అది నాలుగు సెకన్ల షాట్, 48 ఫొటోలు. ఈ రాత్రి మళ్ళీ తీస్తున్నాను.