కొత్త రంగు వేసిన గోడ

"ఈ గోడకు మొన్ననే రంగు వేయించామండీ" అని ఇంటి యజమాని చెబుతుండగా, నా చేయి కిటికీ కింద చల్లగా, కాస్త మెత్తగా తగిలిన చోటే ఆగిపోయింది.

మిగిలిన మూడు గోడలూ వెలిసిపోయి ఉండగా ఆ ఒక్క గోడకే ఎందుకు రంగు వేయించారని అడగాలన్న ఆలోచన, అద్దెకివ్వడానికి మొదటి ఇల్లు కొనబోతున్న నా మిత్రుడికి రాలేదు. అతని మనసంతా చేతిలోని కాగితం మీదే ఉంది.

పన్నెండు నెలల అద్దెను ధరతో పోల్చి, ఏడాదికి 6 శాతం రాబడి వస్తుందని అందులో రాసుకున్నాడు. బయటకు వచ్చాక ఇద్దరం ఆ లెక్కను మళ్లీ వేశాం. ఏడాదిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా అది 5.5 శాతానికి దిగుతుంది. పన్ను, బీమా, మరమ్మతులు కలిసి ఏడాది అద్దెలో పావు వంతు తీసుకుంటే మిగిలేది 4 శాతమే. అప్పు మీద వడ్డీ అంతకంటే ఎక్కువైతే, ఆ తేడాను అతను తన జీతంలోంచే కట్టుకోవాలి.

అతని ముఖం చిన్నబోయింది. నాకు బాధ కలిగినా, ఈ మాట బయానా ఇవ్వకముందే చెప్పగలిగినందుకు ఊరట కలిగింది.

దస్తావేజులను అమ్మేవారు చూపిన న్యాయవాదితో కాక తాను ఎంచుకున్న వ్యక్తితో పరిశీలింపజేస్తానని, గట్టి వాన పడిన మర్నాడు ఇంజనీరును వెంటబెట్టుకొని ఆ గోడను మళ్లీ చూస్తానని అన్నాడు. నేనూ వెళ్తున్నాను.