నాపా తోటల్లో ద్రాక్ష పూత

కాలిఫోర్నియాలోని నాపా లోయకు మనవాళ్ళు ఎక్కువగా సెప్టెంబరులో, గుత్తులు నల్లబడి కోతలు సాగుతున్నప్పుడు వెళ్తారు గానీ, ఆ ఏటి దిగుబడి ఎంతన్నది చాలావరకు మార్చి, మే నెలల మధ్యే తేలిపోతుంది. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష తోటల్లో వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కొమ్మలు కత్తిరించి, తీగ ఎప్పుడు చిగురించాలో రైతే నిర్ణయిస్తాడు. నాపాలో ఆ పెత్తనం వాతావరణానిది. చలికాలమంతా మోడుగా ఉన్న తీగ, సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజులు వరుసగా వస్తే కన్ను విప్పుతుంది. వైన్ ద్రాక్ష రకాల్లో షార్డొనే ముందు చిగురిస్తుంది, కాబెర్నే సావిన్యాన్ వెనక. ముందు చిగురించిన రకానికే మంచు భయం ఎక్కువ.

మబ్బు, గాలి రెండూ లేని ఏప్రిల్ రాత్రి నేలలోని వేడి పైకి పోయి, చల్లగాలి లోయ అడుగున పేరుకుంటుంది. అప్పుడు తోటల్లోని పెద్ద ఫ్యాన్లు పైనున్న వెచ్చని గాలిని కిందికి దింపుతాయి. కొన్ని తోటల్లో స్ప్రింక్లర్లు తిప్పుతారు. చిగురు మీద నీరు గడ్డకట్టేటప్పుడు వెలువడే వేడి దాన్ని సున్నా డిగ్రీల దగ్గరే నిలుపుతుంది కనుక, మంచు కరిగేదాకా నీళ్ళు ఆగకూడదు. చిగురు మాడితే అదే కన్నులోని (కొమ్మ కణుపు దగ్గర చిగురు పుట్టే చోటులోని) రెండో మొగ్గ లేస్తుంది గానీ, దానికి గుత్తులు తక్కువ.

చిగురించిన ఆరు నుంచి తొమ్మిది వారాలకు పూత వస్తుంది. ఆవగింజకు కాస్త పెద్దదైన ఆ పువ్వును దగ్గరగా చూడాలి: ఐదు రేకులు కొసన అతుక్కుని ఆకుపచ్చ టోపీలా ఉంటాయి, విచ్చుకోవు; టోపీ అడుగున ఊడి రాలిపోతే కేసరాలు బయటపడతాయి. పరాగసంపర్కానికి తేనెటీగల కోసం ఎదురుచూడనక్కరలేదు, పొడిగా ఉండే వెచ్చని రోజులుంటే చాలు. ఆ సమయంలో చలి, వాన పట్టుకుంటే టోపీలు సరిగా ఊడవు, పుప్పొడి మొలకెత్తదు, పూత రాలిపోతుంది. నిలిచిన గుత్తుల్లోనూ పెద్ద కాయల పక్కన గింజలేని బుల్లి కాయలు మిగులుతాయి. మెర్లో రకానికి ఈ బెడద మరీ ఎక్కువ. 2015 మే నెల చలి వల్ల నాపాలో దిగుబడి బాగా పడిపోయింది. కాయ చిన్నదైతే వైన్ చిక్కగా వస్తుందని సంబరపడేవాళ్ళూ ఉన్నారు, కాని టన్నుల లెక్కన అమ్ముకునే రైతుకు అది ఊరట కాదు.

పైగా, ఈ ఏడు పూసే గుత్తులకు నిరుటి పూత రోజుల్లోనే కన్నుల లోపల అంకురం పడుతుంది కాబట్టి, ఒక్క చల్లని మే నెల రెండు పంటలను తగ్గించగలదు. అందుకే కొందరు రైతులు శీతాకాలపు కత్తిరింపుకు ముందే కొన్ని కన్నులను కోయించి, లోపల ఎన్ని గుత్తులున్నాయో సూక్ష్మదర్శినిలో చూయించుకున్నాకే కొమ్మకు ఎన్ని కన్నులు ఉంచాలో తేల్చుకుంటారు.