సాయంత్రం నింపే టైమ్‌షీట్

మళ్ళీ అదే వరస: "క్లయింట్ పని, 8 గంటలు". రోజంతా ఒకే ముక్క! ఫోన్లు, మీటింగులు, అప్రూవల్ కోసం ఎదురుచూపులు అన్నీ ఎటు పోయినట్టు?

సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాస్తే ఇలాగే ఉంటుంది. నాకు వర్క్ శాంప్లింగ్ మీదే గురి. 1930లలో బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త టిపెట్ బట్టల మిల్లుల్లో వాడిన పద్ధతి. ముందు చెప్పకుండా "ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడగడమే. జవాబుల్లో ఒక పని వాటా ఎంతో, పనివేళల్లోనూ దాని వాటా దాదాపు అంతే. వేళలు మాత్రం లాటరీ తీసినట్టు తియ్యాలి. సరిగ్గా గంట గంటకీ అడిగితే గంట కొట్టగానే మొదలయ్యే మీటింగులే ఎక్కువ పడతాయి.

పనివేళల్లో విలువైన పని 30 శాతం ఉంటుందనుకుందాం. 5 పాయింట్లు అటూఇటూగా (అంటే 25 నుంచి 35 లోపు), 95 శాతం నమ్మకంతో తేల్చాలంటే దాదాపు 323 జవాబులు కావాలి. పదిమందిని రోజుకి నాలుగుసార్లు అడిగితే తొమ్మిది పనిదినాలు.

ఏది విలువైన పనో ముందే, ఆ పని చేసేవాళ్ళతోనే కూర్చుని రాసుకోవాలి. పేర్లు మాత్రం అడగొద్దు, దయచేసి. పేరు పడుతుందంటే అందరూ విలువైన పనే చేస్తున్నామంటారు.